సమాధియొద్ద కాపరి: డేవిడ్ కాటో భూస్థాపన మన ముందుంచే ప్రశ్న

2011 జనవరి 26న ఉగాండా దేశములోని ముకోనోలో డేవిడ్ కాటో అనే వ్యక్తి తన ఇంటిలోనే సుత్తి దెబ్బలకు హతుడయ్యాడు. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. తాను స్వలింగ ప్రియుడనని బహిరంగముగా చెప్పుకొని, అటువంటివారి హక్కుల కొరకు పనిచేసినవాడు. రెండు రోజుల తరువాత ఆయన పుట్టిన నకవాల గ్రామములో భూస్థాపన జరిగింది. ఈ వ్యాసము హత్యకంటె ఆ భూస్థాపనను గూర్చియే ఎక్కువగా ఆలోచిస్తుంది. హత్య న్యాయస్థానము విచారించవలసినది. భూస్థాపన కాపరుల పని.

ముందుగా నేపథ్యము. 2009లో కొన్ని సందర్భాలలో స్వలింగ సంపర్కమునకు మరణశిక్ష విధించాలనే బిల్లు ఉగాండా పార్లమెంటుకు వచ్చింది. 2010 అక్టోబరులో ఒక స్థానిక పత్రిక స్వలింగ ప్రియుల పేర్లు, ఫొటోలు ప్రచురించి, వారిని ఉరితీయాలని మొదటి పేజీలోనే పిలుపునిచ్చింది. కాటో, మరి ఇద్దరు హైకోర్టుకు వెళ్లారు. 2011 జనవరి 3న తీర్పు వారికి అనుకూలముగా వచ్చింది. మూడు వారాలు దాటగానే ఆయన చనిపోయాడు. స్వలింగ సంపర్కము విదేశీ అలవాటని అక్కడ వాదించేవారు ఒక సంగతి మరచిపోతారు: దానిని శిక్షించే చట్టము కూడ బ్రిటిషు పాలన వదలిపెట్టి వెళ్లినదే. 2024 వరకు అమలులో ఉండిన 1860 నాటి మన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఆ కోవలోనిదే. పెద్దల మధ్య సమ్మతితో జరిగేదానిని సుప్రీం కోర్టు 2018లో ఆ సెక్షను పరిధినుండి తొలగించింది. ఉగాండాలో మాత్రము 2023లో వచ్చిన చట్టము కొన్ని సందర్భాలలో మరణశిక్షను విధిస్తుంది.

హత్యకు కారణము వ్యక్తిగత తగాదాయేనని పోలీసులు చెప్పారు. నిందితునికి 2011 నవంబరులో 30 సంవత్సరాల శిక్ష పడింది. ఆయన స్నేహితులలో అనేకులు ఆ వివరణను అంగీకరించలేదు. ఆ వివాదమును ఇక్కడ తేల్చనక్కరలేదు. హంతకుని ఉద్దేశము ఏదైనను, శవపేటిక యెదుట జరిగినది అందరూ చూచారు.

ఆ దినమున వాక్యము చెప్పిన ఆంగ్లికన్ పాదిరి సొదొమ గొమొఱ్ఱాలను ప్రస్తావించి, స్వలింగ ప్రియులు మారుమనస్సు పొందాలని హెచ్చరించాడు. స్నేహితులు మైకు లాక్కున్నారు. తోపులాట జరిగింది. గ్రామస్థులు బోధకుని పక్షము వహించి, శవమును పాతిపెట్టుటకు నిరాకరించారు. చివరకు స్నేహితులే పేటికను మోసుకొనిపోయారు. సమాధియొద్ద ప్రార్థన చేసినవాడు వృద్ధ బిషప్ క్రిస్టఫర్ సెన్యోంజో. ఉగాండా సంఘము ఆయనను అప్పటికే పరిచర్యనుండి తొలగించింది.

ఆ పాదిరి ఎన్నుకొన్న వాక్యభాగమును మరల చదువుదాము. ఆదికాండము 19లో ఇంటి తలుపు విరుగగొట్టుటకు వచ్చినది గుంపు. లోపల ఉన్నవారు అతిథులు. న్యాయాధిపతులు 19లో గిబియాలో అదే దృశ్యము తిరిగి కనబడుతుంది. అక్కడ తెల్లవారేసరికి గడపమీద ఒక స్త్రీ పడియున్నది. యెహెజ్కేలు 16:49 సొదొమ దోషమును గర్వములోను, దీనులను ఆదుకొనకపోవుటలోను చూపుతుంది. తరువాతి వచనము హేయక్రియలను కూడ పేర్కొంటుంది. దానిని దాచవలసిన పని లేదు. అయితే, తన ఇంటిలో చంపబడిన మనుష్యుని దేహము ముందు ఈ కథను చెప్పినప్పుడు, అతనిని తలుపు బయటి గుంపులో నిలబెట్టుట ఏ వ్యాఖ్యాన సూత్రము ప్రకారము? దాడికి లోనైనవాడు అతడే గదా!

సిద్ధాంతమును విడిచిపెట్టమంటున్నారా అని కొందరు విద్యార్థులు అడుగవచ్చును. 1998 లాంబెత్ సమావేశము చేసిన తీర్మానమును చూడండి. స్వలింగ సంపర్కము లేఖనములకు అనుగుణము కాదని అదే తీర్మానము చెప్పింది, స్వలింగ ప్రియులపట్ల అకారణ భయమును ఖండించినదీ అదే తీర్మానము. దక్షిణ ఇండియా సంఘము సభ్యత్వము కలిగిన సహవాసపు మాట ఇది. రెండవ సగమును మన పుల్పిట్లనుండి ఎన్నిసార్లు విన్నాము? అదే సంవత్సరము అక్టోబరులో అమెరికాలోని వయోమింగ్‌లో మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థిని కొట్టి, కంచెకు కట్టివేసి వెళ్లారు. అతడు ఆసుపత్రిలో చనిపోయాడు. సమాధిని ఎవరైనా అపవిత్రపరుస్తారేమోనని తలిదండ్రులు అతని అస్థికలను 20 సంవత్సరాలు తమయొద్దనే ఉంచుకొన్నారు. 2018లో వాషింగ్టన్ కథీడ్రల్ వాటికి చోటిచ్చింది.

మన ప్రాంతములో భూస్థాపన ఆరాధన అంటే, సంఘములోనికి రానివారికి సువార్త చెప్పే అవకాశమని చాలామంది కాపరులు భావిస్తారు. అందులో తప్పేమీ లేదు. కాని దుఃఖించేవారు లేచిపోలేరు, తిరిగి మాట్లాడలేరు. ఆ స్థితిలో ఉన్నవారిపై విసిరిన మాట బయట వీధిలో మరొకరి చేతిలో రాయి కాగలదు. హిజ్రాల అంత్యక్రియలను తరచుగా వారి గురువులు, చేలాలే జరుపుకొంటారు. కన్న కుటుంబము రాకపోవుట అరుదు కాదు. అటువంటి ఇంటినుండి కబురు వస్తే వెళ్లేదీ లేనిదీ ముందే ఆలోచించుకొనుట మంచిది. అర్ధరాత్రి ఫోను మ్రోగినప్పుడు సంఘ పెద్దలను కూర్చి చర్చించే సమయము ఉండదు.

సౌలు దావీదును తరిమినవాడు, తన కత్తిమీద తానే పడినవాడు. అయినను యాబేష్గిలాదువారు రాత్రంతా నడచి అతని శవమును తెచ్చి, ఎముకలను పాతిపెట్టారు. రెండవ సమూయేలు 2లో దావీదు వారిని దీవిస్తూ ఆ పనికి వాడిన హెబ్రీ మాట హెసెద్. నిబంధన కృపను గూర్చి చెప్పే మాట అదే. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథము భూస్థాపన క్రమమును ముగ్గురికి నిరాకరించింది: బాప్తిస్మము పొందనివారు, వెలివేయబడినవారు, తమ ప్రాణము తామే తీసుకొన్నవారు. ఆ కఠినమైన జాబితాలో సహితము హత్యకు గురైనవాడు లేడు.