నచ్చని క్యాండిడేట్‌కి ఓటెయ్యాలా? అమెరికా ప్రోగ్రెసివ్స్ గొడవ, మా హాస్టల్ మెస్ లెక్క

ఈ రోజు టాపిక్ అమెరికా ఎలక్షన్స్. కానీ ముందు మా హాస్టల్ మెస్ గురించి చెప్పాలి. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, లింక్ ఉంది.

బీటెక్ సెకండియర్ చివర్లో మా హాస్టల్లో మెస్ కాంట్రాక్ట్ ఎవరికివ్వాలని ఓటింగ్ పెట్టారు. 200 ఓట్లు. ముగ్గురు పోటీ. మొదటాయన పాత కాంట్రాక్టరే. సాంబార్‌లో నీళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. రెండో ఆయన ఒక మోస్తరు. రుచి అంతంతమాత్రమే గానీ వంటిల్లు శుభ్రం. మూడో క్యాండిడేట్ కాలేజీ బయట కర్రీ పాయింట్ నడిపే ఆంటీ. ఆవిడ చేపల పులుసు కోసం క్లాస్ ఎగ్గొట్టి మరీ వెళ్ళేవాళ్ళం.

నేను ఆంటీకి ఓటేశాను. రూమ్ రూమ్‌కీ తిరిగి ప్రచారం కూడా చేశాను. రిజల్ట్ ఏంటంటే, పాత ఆయనకి 84, మోస్తరు ఆయనకి 76, ఆంటీకి 40. అంటే 116 మంది వద్దన్న మనిషే గెలిచాడు. మా 40 మందిలో ఓ 9 మంది రెండో ఆయన వైపు వెళ్ళుంటే 85 అయ్యేది, పాత ఆయన ఇంటికెళ్ళేవాడు.

అప్పుడు నాకేమీ బాధనిపించలేదు. “మన మనసుకి నచ్చినట్టు వేశాం, తప్పేముంది?” అనుకున్నా. పైగా పాకెట్ మనీ ఉంది కాబట్టి రోజూ ఆంటీ దగ్గరే తినేవాణ్ణి. తర్వాత ఫస్టియర్ బ్యాచ్ వచ్చింది. ఒక జూనియర్ రోజూ ఉత్త పెరుగన్నం తినడం చూసి, “ఏంట్రా, బయటకి రావా?” అని అడిగాను. “బయట తినడానికి డబ్బులుండవన్నా” అన్నాడు. ఓటింగ్ జరిగినప్పుడు వాడసలు కాలేజీలోనే లేడు. ఈ జూనియర్‌ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాడు.

ఇప్పుడు అమెరికా. అక్కడ ప్రోగ్రెసివ్స్ అంటే మన భాషలో అభ్యుదయవాదులు. అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఫీజుల్లేని పబ్లిక్ కాలేజీలు, వాతావరణం మీద గట్టి చట్టాలు, యుద్ధాలకి ఆయుధాలు పంపొద్దు అనేవాళ్ళు. బెర్నీ శాండర్స్ పేరు వినే ఉంటారు. వీళ్ళ సమస్య ఏంటంటే ప్రెసిడెంట్ ఎలక్షన్ వచ్చేసరికి డెమోక్రటిక్ పార్టీ తరఫున ఎప్పుడూ మధ్యేమార్గం మనిషే నిలబడతారు. 2016లో హిల్లరీ క్లింటన్, 2020లో జో బైడెన్, 2024లో కమలా హారిస్. అవతల రిపబ్లికన్ పార్టీ వీళ్ళకి అస్సలు పడదు. మరి ఏం చెయ్యాలి? రాజీపడి డెమోక్రాట్‌కి వెయ్యాలా, గ్రీన్ పార్టీ లాంటి మూడో పార్టీకి వెయ్యాలా, ఇంట్లో కూర్చోవాలా?

ఇక్కడ సిస్టమ్ ఎలా పనిచేస్తుందో చూడాలి. అమెరికాలో మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లు, గెలవాలంటే 270 రావాలి. 50 రాష్ట్రాల్లో 48 చోట్ల రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్ళకే ఆ రాష్ట్రం ఓట్లన్నీ వెళ్ళిపోతాయి. రెండో స్థానానికి సున్నా, మూడో స్థానానికీ సున్నా. ఇలాంటి రూల్ ఉన్నచోట జనం మెల్లగా ఇద్దరి చుట్టూనే చేరతారని 1950ల్లోనే మారిస్ డ్యువెర్జే అనే ఫ్రెంచ్ పొలిటికల్ సైంటిస్ట్ చెప్పాడు. అంటే రెండే పార్టీలు ఉండటానికి కారణం జనానికి ఊహాశక్తి లేకపోవడం కాదు. కోడ్ అలా రాసుంది, అవుట్‌పుట్ అలాగే వస్తుంది.

అందరూ చెప్పే ఉదాహరణ 2000 సంవత్సరం, ఫ్లోరిడా. జార్జ్ బుష్, అల్ గోర్ పోటీ. ఆ రాష్ట్రంలో బుష్ మెజారిటీ 537 ఓట్లు. వేలల్లో కాదు, అక్షరాలా 537. అదే రాష్ట్రంలో గ్రీన్ పార్టీ తరఫున నిలబడిన రాల్ఫ్ నాడర్‌కి వచ్చినవి 97,488. దేశం మొత్తం మీద గోర్‌కి ఐదు లక్షలకి పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఫ్లోరిడా పోవడంతో ప్రెసిడెంట్ పదవి పోయింది.

నాడర్ ఓట్లన్నీ గోర్‌కే పడేవా? పడవు. కొందరు బుష్‌కి వేసేవాళ్ళు, కొందరు అసలు బూత్‌కే వచ్చేవాళ్ళు కాదు. బ్యాలెట్ పేపర్ గందరగోళం ఉంది, రీకౌంట్ ఆపేసిన సుప్రీంకోర్టు తీర్పు ఉంది. తప్పంతా నాడర్ నెత్తిన వెయ్యడం న్యాయం కాదు. కానీ లెక్క వేసి చూడండి. అటూ ఇటూ పోయినవి తీసేశాక, ప్రతి 180 మంది నాడర్ ఓటర్లకి ఒక్క ఓటు చొప్పున గోర్‌కి లాభం వచ్చినా రిజల్ట్ తిరగబడేది.

తర్వాత 2016. మిషిగన్‌లో ట్రంప్ మెజారిటీ 10,704. విస్కాన్సిన్‌లో 22,748. పెన్సిల్వేనియాలో 44,292. మూడూ కలిపితే 77,744. ఈ మూడు రాష్ట్రాల్లోనూ గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి వచ్చిన ఓట్లు ఆ మెజారిటీ కంటే ఎక్కువ. మళ్ళీ అదే మాట, ఆ ఓట్లన్నీ హిల్లరీకి పడేవని ఎవరూ చెప్పలేరు. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? ట్రంప్ నాలుగేళ్ళలో ముగ్గురు సుప్రీంకోర్టు జడ్జిల్ని నియమించాడు. అమెరికా సుప్రీంకోర్టు జడ్జిలకి రిటైర్‌మెంట్ వయసు లేదు, జీవితాంతం ఉండొచ్చు. 2022 జూన్‌లో ఆ కోర్టే అబార్షన్ హక్కు ఇచ్చిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పుని కొట్టేసింది. 2016లో పదేళ్ళున్న అమ్మాయికి 2022లో పదహారేళ్ళు. ఆ పిల్ల అప్పుడు ఓటెయ్యలేదు, వెయ్యలేదు కూడా. తీర్పు మాత్రం ఆ పిల్లకీ వర్తిస్తుంది.

ఇంతవరకూ వింటే “అయితే రాజీపడటమే కరెక్ట్, ఎపిసోడ్ అయిపోయింది” అనిపిస్తుంది. ఆగండి. అవతలి వాదన చాలా గట్టిది.

మా పెద్దమ్మ కూతురు డెట్రాయిట్ దగ్గర ఉంటుంది. సిటిజన్‌షిప్ వచ్చాక తనకి 2024దే మొదటి ప్రెసిడెంట్ ఎలక్షన్. మిషిగన్ అంటే ఎవరు గెలుస్తారో చివరిదాకా తెలియని రాష్ట్రం. గాజా యుద్ధానికి బైడెన్ ప్రభుత్వం ఆయుధాలు పంపడం తనకి అస్సలు నచ్చలేదు. 2024 ఫిబ్రవరిలో డెమోక్రటిక్ ప్రైమరీ జరిగినప్పుడు అక్క “అన్‌కమిటెడ్”కి వేసింది. అంటే “నా పార్టీయే, కానీ నా మద్దతు ఇంకా ఇవ్వలేదు” అని చెప్పే ఓటు. మిషిగన్‌లో లక్షమందికి పైగా అలాగే వేశారు. నవంబర్ దగ్గరపడేసరికి ఫోన్ చేసి “ఏం చెయ్యమంటావురా?” అంది.

నేను మెస్ లెక్క చెప్పాను. 84, 76, 40. అక్క మొత్తం విని ఒక్కటే అడిగింది: “మా ఆఫీసులో ఒకావిడ ఉంది, వాళ్ళ బంధువులు లెబనాన్‌లో ఉన్నారు. ఇళ్ళ మీద బాంబులు పడుతున్నాయి. ఆవిడకి ఈ సాంబార్ కథ చెప్పగలవా?”

చెప్పలేను ఫ్రెండ్స్. ఇప్పటికీ చెప్పలేను. “తక్కువ చెడు” అనే మాట, ఆ చెడు మన ఇంటి మీద పడనప్పుడు చాలా తేలిగ్గా నోట్లోంచి వస్తుంది.

అక్క ఇంకో మాట కూడా అంది. “ఎలాగూ నాకే వేస్తారులే అని తెలిస్తే వాళ్ళు నా మాట ఎందుకు వింటారు?” ఇది ఇంకా బలమైన పాయింట్. ఎప్పుడూ మీ షాపుకే వస్తాడని తెలిసిన కస్టమర్‌కి మీరు డిస్కౌంట్ ఇస్తారా?

చివరికి అక్క మనసు చంపుకుని హారిస్‌కి వేసింది. ఆ కొలీగ్ జిల్ స్టైన్‌కి వేసింది. మిషిగన్‌లో ట్రంప్ సుమారు 80 వేల మెజారిటీతో గెలిచాడు. స్టైన్‌కి వచ్చినవి దాదాపు 45 వేలు. అన్నీ కలిపినా సరిపోయేవి కావు. కాబట్టి “మీవల్లే ఓడిపోయాం” అని ఆ కొలీగ్‌ని తిట్టడానికి లెక్క ఒప్పుకోదు. ఓడిపోయిన పార్టీ ముందు తన క్యాండిడేట్‌ని, తన పాలసీని చూసుకోవాలి.

మరి ఆ డిస్కౌంట్ ప్రశ్నకి జవాబేంటి? చాలా రోజులు ఆలోచించాక నాకు అర్థమైంది ఇదీ. బేరం ఆడాల్సిన టైమ్ నవంబర్ కాదు, దానికి ముందు వచ్చే ప్రైమరీ. ప్రైమరీ అంటే పార్టీ టికెట్ ఎవరికివ్వాలో ఓటర్లే తేల్చే ఎలక్షన్. మన దగ్గర టికెట్ పెద్దలు ఇస్తారు, అక్కడ జనం ఇస్తారు. ఇది అమెరికా ఓటర్ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం, మన దగ్గర లేనిది.

2018లో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ న్యూయార్క్‌లో పది సార్లు గెలిచిన జో క్రౌలీని ఓడించింది ప్రైమరీలోనే. అప్పటికి ఆమె వయసు 28. 2025 జూన్‌లో జోహ్రాన్ మమ్దానీ మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమోని ఓడించిందీ న్యూయార్క్ మేయర్ ప్రైమరీలోనే. పైగా ఆ ప్రైమరీలో ర్యాంక్డ్ ఓటింగ్ ఉంది. అంటే ఫస్ట్ ఛాయిస్ ఎవరు, సెకండ్ ఎవరు అని నంబర్లు ఇవ్వొచ్చు. మీ ఫస్ట్ ఛాయిస్ లిస్టులోంచి పోతే మీ ఓటు సెకండ్‌కి వెళ్తుంది. మా హాస్టల్లో ఇది ఉంటే నేను ఆంటీకి 1, మోస్తరు ఆయనకి 2 అని రాసి హాయిగా పడుకునేవాణ్ణి. మెయిన్, అలాస్కా రాష్ట్రాల్లో పెద్ద ఎలక్షన్స్‌కి కూడా ఈ పద్ధతి వచ్చేసింది. ఓటు చీలిక అనే జబ్బుకి అసలు మందు ఇదే.

రాజీకి రేటు కట్టొచ్చు కూడా. 2020 ఏప్రిల్‌లో శాండర్స్ పోటీ నుంచి తప్పుకుని బైడెన్‌కి మద్దతిచ్చాడు, కానీ ఉత్తినే ఇవ్వలేదు. ఇద్దరి మనుషులూ కలిసి పాలసీలు రాసే కమిటీలు వేయించాడు. వాతావరణం కమిటీకి జాన్ కెర్రీతో పాటు ఒకాసియో-కోర్టెజ్ కూడా హెడ్. 2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్‌లో వాతావరణానికి వందల కోట్ల డాలర్లు కాదు, వందల బిలియన్లు పెట్టారు. మెడికేర్‌లో ఉన్న పెద్దవాళ్ళకి ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటకుండా చేశారు. శాండర్స్ అడిగిందంతా రాలేదు. కానీ సున్నా కూడా రాలేదు.

మన దగ్గర సంగతి చూద్దాం, రూల్ అదే కదా. 2009లో ప్రజారాజ్యానికి 16 శాతానికి పైగా ఓట్లొచ్చాయి, సీట్లు మాత్రం 294లో 18. కానీ 1982లో పుట్టిన తెలుగుదేశం, 1983 జనవరికల్లా 200కి పైగా సీట్లతో గెలిచింది. అంటే మూడో మనిషి ఎప్పటికీ గెలవడని కాదు. గెలిస్తే మొదటి రెండు స్థానాల్లోకి దూకాలి. మధ్యలో ఆగితే చీలికే.

సో, నా అభిప్రాయం నాలుగు ముక్కల్లో. ఒకటి, ప్రైమరీలో మనసుకి నచ్చినవాళ్ళకే వెయ్యండి, రాజీ వద్దు. రెండు, కాలిఫోర్నియా లాంటి రిజల్ట్ ముందే తెలిసిన రాష్ట్రంలో ప్రెసిడెంట్ ఓటుని నిరసనగా వాడుకోవచ్చు, నష్టం లేదు. మూడు, పోటీ నువ్వా నేనా అన్నట్టున్న రాష్ట్రంలో రాజీ ఓటే వెయ్యాలి, కానీ మర్నాటి నుంచే ఒత్తిడి మొదలుపెట్టాలి. నాలుగు, ఇంట్లో కూర్చోవడం మాత్రం ఎవరికీ మెసేజ్ కాదు. రానివాడు కోపంతో రాలేదో, నిద్రపోయి రాలేదో ఏ పార్టీకీ తెలియదు.

మూడో పాయింట్ ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, నా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు హెచ్‌-1బి వీసా మీద టెక్సస్‌లో ఉన్నాడు. 2025 జనవరి 20న ట్రంప్ ఒక ఆర్డర్ సంతకం పెట్టాడు. టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళకి పుట్టే పిల్లలకి ఇకపై పుట్టుకతో పౌరసత్వం లేదని. అప్పటికి వాడి భార్యకి ఏడో నెల. కోర్టులు ఆ ఆర్డర్‌ని ఆపేదాకా వాళ్ళిద్దరికీ నిద్ర లేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు. ఇక్కడ ఎంఎస్ అప్లికేషన్లు పెట్టుకుంటున్న మన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ అది ఎలా తగిలిందో మీకు నేను చెప్పక్కర్లేదు. వీళ్ళెవరికీ అమెరికాలో ఓటు లేదు.

లెబనాన్‌లో ఉన్న ఆ కొలీగ్ బంధువులకీ లేదు. అందుకే ఈ ప్రశ్న అంత కష్టం. రెండు వైపులా ఓటు లేనివాళ్ళే ఉన్నారు.

ఓటేసేటప్పుడు “నా మనసు క్లియర్‌గా ఉందా” అని ఇప్పుడు నేను అడుక్కోను. “రిజల్ట్ తేడా అయితే నేను బయటకెళ్ళి తినగలను, తినలేనివాడు ఎవడు?” అని అడుక్కుంటాను. జవాబు ప్రతిసారీ ఒకేలా రాదు, అక్కకి ఒకలా వచ్చింది, వాళ్ళ కొలీగ్‌కి ఇంకోలా వచ్చింది. కానీ అడగాల్సిన ప్రశ్న అదే.

మా జూనియర్ ఇప్పుడు బెంగళూరులో జాబ్ చేస్తున్నాడు. మొన్న కలిసినప్పుడు మెస్ ఓటింగ్ సంగతి చెప్పి సారీ అన్నాను. నవ్వి, “పర్లేదన్నా, కానీ ఈ జన్మకి పెరుగన్నం చాలు” అన్నాడు.

ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.