క్షురధార - మంగలికత్తియు, సేఫ్టీ రేజరును



మనుష్యుడు తన కంఠమును పరుని కత్తికి నిర్భయముగా నప్పగించు సమయ మొక్కటి గలదు. అదియే క్షౌరసమయము. ఊరి రెడ్డియైనను, కరణమైనను, సామాన్య రైతైనను అప్పుడు మారుమాటాడక గడ్డ మెత్తి కూర్చుండవలసినదే. ఇంతటి నమ్మకమున కాధారమైన యా కత్తి యెట్లు తెగును, దానిచే మన కగు మేలెంత, కీడెంత యనునది మనలో బెక్కుమంది విచారింపరు. ఆ విషయమును గూర్చి నాకు దెలిసినంతవరకు విన్నవించెదను.

నా బాల్యమున, అనగా 1960వ దశకము తుదియందు, కుందూ యేటి యొడ్డున నున్న మా పల్లెలో ఆదివారము తెల్లవారగానే వేపచెట్టు క్రింద మంగలిపొది విప్పబడుచుండెను. ఆ పొదిలో రెండు మూడు కత్తులు, ఒక నూరుడురాయి, తోలుపట్టె, కత్తెర, గోరుగల్లు, చిన్న యద్దము, పటికముక్క, నీళ్లగిన్నె యుండెడివి. ఆ వృద్ధుని మేమందరమును తాతా యని పిలుచుచుంటిమి. కళ్లమునొద్ద ఏటేట నిచ్చు మేరగింజలే యాయనకు జీతము. నేను బెదరి తల కదల్చినపుడెల్ల ఆయన యనుమాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది: "కదలాకప్పా! కత్తికి కండ్లు లేవు. ఉండేది నా చేతికే."

ఆ మాటలో నీ శాస్త్రమంతయు నిమిడియున్నది. క్షౌరమునకు గావలసినవి రెండు: ధార, దానిని నడపు చేయి. ముందుగా ధారను గూర్చి చెప్పెదను.

మన పూర్వులకు ధారావిజ్ఞానము లేకపోలేదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున శస్త్రముల ప్రకరణమొకటి గలదు. అందు శస్త్రములను నూరుటకు మినుముల వన్నెగల నున్నని రాతిని, నూరిన ధార నిలుచుటకు బూరుగుచెక్కను విధించిరి. ఛేదనమునకు వలయు ధార వెండ్రుకలో సగము పాటి సన్నముగ నుండవలె ననిరి. శస్త్రము వెండ్రుకను దెగగోయగలిగిననాడే యది చక్కగ నూరబడిన దని పరీక్షను గూడ జెప్పిరి. మన పల్లెలోని తాత కత్తి నూరి, ముంజేతి రోమముపై నాడించి చూచుట యీ పరీక్షయే. ఆయన సుశ్రుతమును జదువలేదు. చేతినుండి చేతికి వచ్చిన విద్య యది.

మంగలికత్తి నిర్మాణమున నొక చమత్కారము గలదు. దాని వెన్ను మందము, అంచు పలుచన, నడుమ ప్రక్కలు లోనికి గుంటవడి యుండును. రాతిపై బరచినపుడు వెన్నును అంచును ఒక్కసారిగ రాతిని తాకును. కావున నూరువాడు కోణమును చూపుతో గొలువ నక్కరలేదు. వెన్నే కోణమును నిర్ణయించును. రాతిపై నూరునపుడు అంచు ముందుగా నడువవలెను. తోలుపై దువ్వునపుడు వెన్ను ముందుగా నడువవలెను. తోలుపై నంచు ముందు నడచినచో తోలు తెగును, ధార చెడును. రాయి లోహము నరగదీసి ధారను గల్పించును; తోలు ఆ ధార చివర వంగిన సన్నని యంచును నిటారుగ జేయును. రాయి నెలకో రెండు నెలలకో వలయును, తోలు మాత్రము ప్రతి క్షౌరమునకును వలయును.

ఉక్కుకంటె వెండ్రుక యెంతయో మెత్తనిది గదా, మరి ధార యేల మొద్దువారును? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము 2020వ సంవత్సరముననే లభించినది. అమెరికాలోని మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయము వారు శక్తిమంతమైన సూక్ష్మదర్శినితో బరీక్షించి, ధార కేవల మరిగిపోవుట లేదనియు, సూక్ష్మమైన పెచ్చులుగా నూడుచున్నదనియు గనుగొనిరి. వెండ్రుక ధారకు ఏటవాలుగ దగిలినపుడును, ఉక్కులో దృఢమైన భాగమును మెత్తని భాగమును గలియు చోటనే తగిలినపుడును పెచ్చు లేచునట. కావున చక్కగ నానిన వెండ్రుకయే ధారకు రక్ష.

ఇక సేఫ్టీ రేజరు చరిత్ర. కత్తికి కాపుగ నొక చెక్కను దొడిగి చర్మమును రక్షింపవచ్చునను నూహ 18వ శతాబ్దమునందే ఫ్రాన్సు దేశీయుడైన పెరె యనువానికి దోచెను. 1880లో అమెరికాలో కాంఫె సోదరులు గుద్దలి యాకారముగల రేజరును జేసిరి. కాని వాని కత్తిని గూడ నూరుచునే యుండవలసివచ్చెను. నూరుటయే యక్కరలేని, అరిగిన పిదప బారవేయదగిన పలుచని బ్లేడును దలచినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్. అంత పలుచని యుక్కురేకునకు బదును పెట్టుట యసాధ్యమని లోహవేత్తలు పలికిరి. నికర్సన్ అను యంత్రవేత్త యా కార్యమును సాధించెను. 1903లో అమ్ముడైనవి 51 రేజరులు, 168 బ్లేడులు మాత్రమే. మరుసటి యేడు రేజరులు తొంబదివేలు దాటెను. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైనికుల కిది పంచబడుటచే, పోయినవా రటుండగా, తిరిగివచ్చిన లక్షలమంది యా యలవాటుతో నిండ్లకు జేరిరి. తొలినాటి బ్లేడులు త్రుప్పుపట్టెడివి. 1960వ దశకమున త్రుప్పుపట్టని యుక్కు బ్లేడులు వ్యాపించెను.

ఈ బ్లేడు మందము సుమారు మిల్లీమీటరులో పదియవ వంతు. దానిని రేజరు తలలో బిగించినపుడు విల్లువలె వంగి గట్టిపడును. క్రిందనున్న దువ్వెన వంటి యంచు చర్మమును జదును చేయును. మంగలికత్తిలో చేతి నైపుణ్యము చేయు పనిని ఇందు యంత్రనిర్మాణము కొంతవరకు జేయుచున్నది. తాత మాటలలో జెప్పవలెనన్న, కత్తికి కొంచెము కన్ను వచ్చినది.

మన సీమలో క్షౌరమునకు వేరొక చిక్కు గలదు, అది నీరు. కర్నూలు, కడప సీమలలో బెక్కుచోట్ల నేలక్రింద నున్నది సున్నపురాయి. బేతంచెర్ల నాపరాళ్లు, కడప బండలు మన యింటింట బరచియున్నవి. కొలిమిగుండ్ల కడ బెలుం గుహలను మూడు కిలోమీటర్లకు బైగా దొలిచినది ఈ సున్నపురాతిని గరగించిన నీరే. అట్టి నీరే మన బావులలో నూరుచున్నది. అందలి సున్నపు లవణములు సబ్బుతో గలిసి తెల్లని విరుగుడుగ మారును, నురుగు రాదు. నేను యౌవనమున దొలిసారి సేఫ్టీ రేజరు గొని, బావినీటితో నెంత రుద్దినను నురుగు రాక, విసిగి పొడిగడ్డముపైనే నడపి, దవడనిండ నెత్తురు దెచ్చుకొంటిని. తాత చూచి నవ్వి, కాచి చల్లార్చి పైతేట తీసిన నీళ్లతో రుద్దుమనెను. కాచినపుడు కొంత సున్నము కుండ యడుగున తెల్లని పొరగ నంటుకొనును, పైతేట మెత్తబడును. కాచినను లొంగని చవుడు గల చోట వాననీటిని బట్టి నిలువయుంచుకొనుట మేలు. కె.సి. కాలువ ప్రక్కనున్నవారికి సాధారణముగా నీ చిక్కు తక్కువ.

క్షౌరవిధానము సులభమే. ముందు గోరువెచ్చని నీటితో గడ్డమును రెండు మూడు నిమిషములు నానబెట్టవలెను. నానిన వెండ్రుక పొడివెండ్రుకకంటె సులువుగ దెగును. పిదప కుంచెతో నురుగు పట్టింపవలెను. నురుగు అలంకారము కాదు; అది వెండ్రుకలోని తడి నారనీయదు, కత్తిని జారనిచ్చును. ధారను ముఖమునకు సుమారు 30 డిగ్రీల కోణమున నుంచి, రెండవ చేతితో చర్మమును లాగిపట్టి, రోమము వాలిన దిక్కుననే మొదట దింపవలెను. బలము వలదు, రేజరు బరువే చాలును. మరల నునుపు కావలెనన్న మరల నురుగు పట్టించి, అడ్డముగ గోయవలెను. ఎదురుగ గోసినచో రోమము చర్మములోనికి ముడుచుకొని కురుపులు లేచును. తుదకు చన్నీట గడిగి, గాటు పడినచో పటిక నద్దవలెను. పటిక మాంసకృత్తులను గడ్డకట్టించి నెత్తురును నిలుపును. అయిన నది విషక్రిములనన్నిటిని జంపు మందు కాదు.

ఇంతవరకును చెప్పినది సౌకర్యము. ఇక ప్రాణవిషయము.

నేను పనిచేసిన యొక పల్లెలో నొక యేడు పండుగకు పిల్లలందరకును వరుసగ నొక్క కత్తితోనే తలలు గొరిగించిరి. పదునైదు దినములకు బడిలో పదిమంది తలలపై తామరబిళ్లలు లేచెను. శుభ్రముగ స్నానము చేయలేదని నేను వారిని వెనుకబల్లపై వేరుగ గూర్చుండబెట్టితిని. వైద్యుడు వచ్చి చూచి, తలనుండి తలకు గత్తియే దీనిని మోసియుండు ననెను. తప్పు పిల్లలది కాదు. వారిని శిక్షించితి నను చింత నన్ను వదలలేదు.

తామర కంటికి గనబడును, మందునకు లొంగును. కంటికి గనబడనివి వేరు గలవు. కాలేయమును జెరుచు హెపటైటిస్ బి అను వ్యాధిక్రిమి, ఎండిన నెత్తుటిమరకలో కనీసము ఏడు దినములైనను బ్రతికియుండగలదు. మరక కంటి కగపడనంత స్వల్పమైనను చాలును. హెచ్.ఐ.వి. క్రిమి బయట నంతకాలము నిలువదు. అయినను నెత్తుటిసంబంధము గల పనిముట్టును బంచుకొనరాదు. నేటి శిశువులకు హెపటైటిస్ బి టీకా దేశమంతట నిచ్చుచున్నారు. మన యీడువారిలో బెక్కుమంది కది లేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున గుఱ్ఱపువెండ్రుకల కుంచెలవలన సైనికులకు ఆంత్రాక్సు సోకెను. అది మన గొఱ్ఱెలమందలను జంపు దొమ్మరోగమే. కావున కత్తియే కాదు, కుంచెయు శుద్ధమై యుండవలెను.

కత్తిని నీటిలో ముంచి గుడ్డతో దుడిచినంతమాత్రమున శుద్ధి కాదు. ఇరువది నిమిషములు సలసల గాగిన నీటిలో నుంచుట యొక మార్గము. కాని ఆదివారమున నలుబదిమంది కూర్చుండిన చోట నిది సాగదు. అందుచే నేటి అంగళ్లలో మంగలికత్తి యాకారముననే యుండి, సగము బ్లేడును దొడుగుకొను పిడికత్తి వాడుచున్నారు. ఇందు పూర్వుల చేతినేర్పును, క్రొత్త ధారయు రెండును గలిసినవి. కాని మనిషి మారినపుడెల్ల బ్లేడు మారినగాని దీని ఫలము లేదు. శ్రీశైల, అహోబిల, తిరుమల క్షేత్రములలో బిడ్డల పుట్టువెండ్రుకలు దీయించునపుడును, పల్లెలో గడ్డము చేయించుకొనునపుడును, క్రొత్త బ్లేడు కాగితము విప్పుట మీ కన్నులతో జూడుడు. వాడిన బ్లేడులను పెంటదిబ్బపై వేయరాదు. పశువులు మేయును, పిల్లల కాళ్లు తెగును. మూతకు సన్నని చీలిక చేసిన రేకుడబ్బాలో వేసి, నిండిన పిదప లోతుగ బూడ్చవలెను.

బ్లేడు ఖరీదు ఎవ్వరు భరింపవలెనని యడుగుదురేని, మనమే. దాని వెల కప్పు టీ వెలకంటె దక్కువ. మేరగింజలతో నేడాది పొడుగున సేవ చేయించుకొన్న మన పల్లెలు, ఆ వృత్తివారికి జాల ఋణపడియున్నవి. క్షౌరమే కాదు, పెండ్లికి మేళము, కురుపునకు చికిత్స, ఆ యింటి యాడువారిచే పురుడు, ఇవన్నియు వారే చేసిరి. నాయీబ్రాహ్మణులని గౌరవముగ బిలిచి, కూలి సరిగ నిచ్చి, బ్లేడు మార్చుమని మర్యాదగ నడిగిన, కాదనువారు లేరు.

మరొక మాట. మా వేపచెట్టు క్రిందికి ఊరివారందరును రాగలిగెడివారు కారు. కొన్ని పేటలవారి గడ్డము ఆ కత్తి యంటకుండెను. కట్టడి చేసినది తాత కాదు, ఊరిపెద్దలు, అనగా మనవంటివారే. 1948 నవంబరులో రాజ్యాంగసభలో అంగడియను పదమున క్షౌరశాల చేరునా యను ప్రశ్న వచ్చినపుడు, సేవ యొసగు ప్రతి స్థలమును జేరునని డాక్టరు అంబేద్కరు స్పష్టపరచెను. 1955 నాటి చట్టము నట్టి నిరాకరణమును శిక్షార్హము చేసినది. చట్టము పుస్తకమున నుండుట చాలదు. ప్రతి పల్లెలోను నెవ్వడు వచ్చినను ఆ పీటపై గూర్చుండగలిగిననాడే యది నెరవేరినట్లు.

కత్తికి కండ్లు లేవని తాత చెప్పెను. వ్యాధిక్రిమిని జూచు కండ్లు చేతికిని లేవు. ఆ చూపు మన వివేకమునకే యుండవలెను. పనివానికి మర్యాద, ప్రతి మనిషికి క్రొత్త ధార, పీటపై నందరకును సమానమైన చోటు: ఈ మూటిని మీ మీ గ్రామములలో నెలకొల్పుడని పెద్దలైన మిమ్ము వేడుకొని, సెలవు తీసికొనుచున్నాను.