మధుమేహము – మేధాశక్తి

మధుమేహమనగానే జనులకు స్ఫురించునవి కన్ను, కాలు, మూత్రపిండము. మేధను గూర్చి తలచువా రరుదు. ఇంటి పెద్ద కౌలు లెక్క మఱచినను, పట్టాకాగితము లెచట నుంచెనో తెలియక తడుముకొన్నను, వయసు మీఱినదని సరిపెట్టుకొందురు. వయసు కొంత కారణము కావచ్చును. కాని చక్కెరవ్యాధికిని ఇందు పాలు గలదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

దేహభారమున మెదడు నూటికి రెండు పాళ్లు మాత్రమే. అయినను దేహము వ్యయించు శక్తిలో సుమా రైదవవంతును అదియే హరించును. ఆ శక్తికి నాణెము వంటిది ఏ.టి.పి. అను పదార్థము. దానిని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. ఒక నాడీకణము మఱియొకదానికి వార్త నంపుటకు ఈ నాణెమునే వెచ్చింపవలెను.

1921లో టొరాంటోనగరమున బాంటింగు, బెస్టు అనువారు వెలికిదీసిన ఇన్సులిను కండలలోనికి చక్కెరను జేర్చును. మెదడునందు దాని పని వేఱు. నాడీకణములు చక్కెరను గ్రహించుటకు చాలవఱకు దానిపై నాధారపడవు. అచట నిది సందేశవాహకము. జ్ఞాపకముల కాధారమైన హిప్పోక్యాంపసు భాగమున ఆ సందేశము నందుకొను గ్రాహకములు మెండు. కణముల నడుమ సంధులు దృఢపడుటకును, క్రొత్తవిషయము మనసున నాటుకొనుటకును అది తోడ్పడును. రెండవ తరగతి మధుమేహమున దేహమువలెనే మెదడును ఇన్సులిను మాటను పెడచెవిని బెట్టునని పెక్కు పరిశోధనలు సూచించుచున్నవి. దీనికిదోడు సన్నని రక్తనాళములు చెడును, ఆలోచన మందగించును. డిమెన్షియా యను మతిమఱపువ్యాధి మధుమేహులకు ఇతరులకన్న సుమా రొకటిన్నర రెట్లధికముగా సంభవించుచున్నది.

చక్కెర మిక్కిలి తగ్గినను మెదడు తల్లడిల్లును. మందు వేసికొన్న సంగతి మఱచి మఱల వేసికొను వృద్ధుని గతి యేమి? మతిమఱపు చక్కెరను పడద్రోయును. పడిన చక్కెర మతిని మఱింత చెఱచును. కావున వృద్ధులకు చక్కెర నెంతవఱకు దింపవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను గాని, ఎంత తగ్గిన నంత మేలని తలచుట ప్రమాదము.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ననుసరించి దేశమున మధుమేహులు 10 కోట్లకు పైబడిరి. పల్లె లిందుకు వెలిగావు. జొన్నరొట్టె, గటక, అంబలి తిని నాగలిపట్టిన సీమ మన కల్వకుర్తి. ఎత్తిపోతలచే కృష్ణాజలము ఈ మెట్టలకు వచ్చినది, సంతోషము. నీటివెంట వరియు వచ్చినది, ట్రాక్టరు వచ్చినది. జొన్నయు, నడకయు తగ్గినవి. నీటిని నిందింప బనిలేదు, విస్తరిని సరిదిద్దుకొనవలెను.

ప్రభుత్వ వైద్యశాలలలో ముప్పది యేండ్లు దాటినవారికి చక్కెరపరీక్ష చేయుదురు. ఆ చీటితోబాటు జ్ఞాపకశక్తిని గూర్చియు నాలుగు ప్రశ్నలడుగుట పెద్ద వ్యయము గాదు. వృద్ధుల మందుల పెట్టెను ఇంటిలో నొకరు చూచుకొనవలెను. రక్తపుపోటును అదుపున నుంచవలెను; దినమును నడువవలెను. భూమి దస్తరమున మన పేర నుండిన జాలదు. దానిని నిర్వహించు తెలివియు మన యధీనమున నుండవలెను.