పాలకుర్తి ఐలమ్మ అవ్వ

పెద్దలను తలంచుకొనుట గృహిణీ ధర్మములలో నొకటి. సందెవేళ దీపము పెట్టి, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, వారి తాతమ్మలు కష్టసుఖములను ఎట్లు వెళ్లబుచ్చిరో చెప్పుట మన యిండ్లలో వాడుకయే. అయితే పెక్కుమంది అవ్వల కథలు ఆ యింటి గడపలోపలనే నిలిచిపోవును. ఏ కొందరి కథయో గడప దాటి ఊరి సొత్తగును. చిట్యాల ఐలమ్మ కథ అట్టిది. సోదరీమణులకు నేడు ఆ అవ్వను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

పాలకుర్తి యనగానే చదువుకొన్నవారికి సోమనాథ కవి స్ఫురించును. మేము చిన్ననాట ఇంటనే ఆయన ద్విపద బసవపురాణము చదువుకొంటిమి. అందు మడివాలు మాచయ్య కథ కలదు. ఆయన వృత్తి బట్టలుతుకుట. అయినను బిజ్జల మహారాజు బలమునకు వెఱచినవాడు కాడు. ఆనాడు మేము దానిని భక్తుల మహిమగా మాత్రమే చదివితిమి. ఆ కవి పేరిటి ఊరిలోనే, ఆ వృత్తికే చెందిన యొక యిల్లాలు, ఏ మహిమయు లేక, చేతి కష్టమును నోటి ధైర్యమును మాత్రమే నమ్ముకొని, ప్రభువుల నెదిరించి నిలిచినదని తరువాత తెలిసికొంటిమి.

ఐలమ్మ 1895 సెప్టెంబరు 26వ తేదీన రాయపర్తి దగ్గరి కృష్ణాపురమున జన్మించెను. చిట్యాల నరసింహను పెండ్లాడి పాలకుర్తి కోడలయ్యెను. పల్లెలో చాకలి లేని శుభము లేదు, అశుభమును లేదు. పురుటింటి బట్టలు మొదలు పాడె వెంబడి నడచువఱకు ఆ యింటివారి చేయి తగులని కార్యమే యుండదు. ఇందఱి యిండ్ల మంచిచెడ్డలు ఎఱిగినవారికి, ఇందఱి మైలను కడిగినవారికి, ఊరు తిరిగి యిచ్చినదేమి? నిజాము కాలమున వారికి దక్కినది వెట్టి. దొరగడీలో బట్టలుతుకుట, నీరు మోయుట, వంటచెఱకు చేర్చుట, పిలిచినపుడెల్ల పోవుట. కూలి మాట యెత్తరాదు. పసిబిడ్డ పాలకేడ్చుచున్నను పని విడిచి యింటికి రారాదు. తల్లులైన పాఠకురాండ్రకు ఈ యొక్క మాట చాలును.

ఆ ప్రాంతమున విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డికి ఎదురు లేదు. ఆయన చేతిక్రింద 40,000 ఎకరముల భూమి యుండెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. మల్లంపల్లి భూస్వామికి పాలకుర్తిలో 40 ఎకరముల పొలముండగా ఐలమ్మ దానిని కౌలుకు తీసికొని, నాలుగెకరములు సాగుచేసెను. ఊరివారి బట్టలుతికిన చేతులు నాగలి పట్టుట ఊరి పెద్దలకు కన్నెఱ్ఱయ్యెను. తన పొలమున ఊరక పనిచేయ రమ్మని పట్వారీ పిలువగా ఆమె ఒల్లనని చెప్పెను. అప్పటికే ఆమె ఆంధ్రమహాసభలో చేరియుండెను. జనులు దానిని సంగమనెడివారు. ఐలమ్మ యిల్లు సంగమువారికి అన్నము దొరకు చోటయ్యెను.

దేశముఖు ఆ భూమి తనదనెను, అభియోగములు వచ్చెను, న్యాయస్థానమున తీర్పు ఐలమ్మ పక్షమునకే వచ్చెను. అంతట పంట కోతకు రాగానే బలవంతముగా కోసికొని పోవుటకు మనుషులను పంపెను. ఆరుగాలము నీరు కట్టి, కలుపు తీసి, పిట్టలను తోలి కాపాడిన చేను కనులయెదుట పరులపాలగుట యెట్టి దుఃఖమో సేద్యపు టిండ్లవారు ఎఱుగుదురు. వచ్చినవారు వందమంది యని చెప్పుదురు. సంగమువారు అంతకంటె తక్కువ మందియే. అయినను గుతపలు పట్టి నిలువగా దొరమనుషులు పాఱిపోయిరి. ధాన్యము ఐలమ్మ యింటికి చేరెను. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలగు సంగము పెద్దలు ఆమెకు అండగా నిలిచిరి.

ధైర్యమునకు చెల్లించిన వెల తక్కువది కాదు. ఆమె యింటికి నిప్పు పెట్టిరి. ధాన్యమును సొమ్మును దోచిరి. ఇంటి మగవారిని చెఱపెట్టిరి. కన్నకూతురిని ఘోరముగ అవమానించిరి. ఏ తల్లి గుండెయైనను అక్కడ చెదరును. ఐలమ్మ చెదరలేదు, భూమి విడువలేదు. ఆమె గెలిచినదను వార్త చుట్టుపట్ల పల్లెలకు ప్రాణము పోసెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియయ్యెను. అటుతరువాత పోరాటము ఊరూరను వ్యాపించి 1951 వఱకు సాగెను. ఆ మహాగ్నికి తొలి నిప్పురవ్వలలో పాలకుర్తి నాలుగెకరముల చేను ఒకటి.

ఐలమ్మ అటుపిమ్మట ఆ యూరనే జీవించి, తొంబదవ యేట, 1985 సెప్టెంబరు 10వ తేదీన కన్నుమూసెను. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. ఒకనాడు ఆంగ్లేయుల రెసిడెంటు కొలువుతీరిన ప్రాంగణమది. నేడు అక్కడ చదువుకొను ఆడుబిడ్డలు తమ విద్యాలయము మీద ఒక చాకలి యవ్వ పేరు చూచుకొనుచున్నారు.

సోదరీమణులారా! ఓర్పు స్త్రీకి భూషణమని మన పెద్దలు నేర్పిరి. ఆ మాట మేమును కాదనము. ఐలమ్మకు ఓర్పు లేకున్నచో అంత కాలము ఊరి మైల యుతికెడిదా? కాని ఓర్పు వేఱు, అన్యాయమునకు ఒదుగుట వేఱు. ఈ రెంటికిని నడుమ గీత యెచ్చటనో తెలియుటకు గ్రంథములు పఠింపవలసిన పని లేదని ఆ అవ్వ బ్రతుకు చెప్పుచున్నది. నేటి రాత్రి మీ పిల్లలకు రాజుల కథతోపాటు ఈ కథయు చెప్పుడు. మన యింటి బట్టలుతుకు తల్లి రేపు గడపలో నిలిచినపుడు, పేరు పెట్టి మన్ననగా పిలిచి, కూర్చుండుమనుడు. ఐలమ్మ అవ్వకు మనము పెట్టగల దీపము అదియే.