‘ఆ బాధ’కు అసలు పేర్లు



ఈవేళ మనం మాట్లాడుకోబోయేది నలుగురిలో ఎత్తడానికి మొహమాటపడే సంగతి. తలనొప్పి వస్తే పక్కింటి పిన్నిగారికి చెప్తాం. మోకాళ్ళ నొప్పులైతే కూరలబండి దగ్గర కూడా చెప్పుకుంటాం. కానీ దొడ్డికి వెళ్ళినప్పుడు నెత్తురు పడిందంటే మాత్రం కట్టుకున్నవాడికి కూడా చెప్పం. మరీ తప్పకపోతే ‘‘వేడి చేసింది’’ అంటాం, లేదా ‘‘ఆ బాధ’’ అని ఊరుకుంటాం. డాక్టరు దగ్గరకు వెళ్ళినా ‘‘మొలలండీ’’ అని ఒక్క మాట చెప్పి తల దించుకుంటాం. ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేరువేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. అందుకని ఏ పేరు ఎక్కడినుంచి వచ్చిందో, దేన్ని ఏమనాలో కాస్త తెలుసుకుందాం.

పేర్లు నోట్లో నాని మారుతూ ఉంటాయన్నది మనకు కొత్త కాదు. చీరాల పక్కనున్న వాడరేవునే చూడండి. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. సెలవు దొరికితే పిల్లల్ని తీసుకుని సముద్రానికి వెళ్తామే, ఆ ఊరే. కొందరు దాన్ని ఓడరేవు అంటారు. ఓడలాగే రేవు అని చెప్పకుండానే తెలిసిపోతుంది. వాడరేవు అన్నప్పుడు ఆ ఓడ కాస్త మరుగున పడుతుంది. జబ్బుల పేర్లూ అంతే. లోపల అర్థం ఉంటుంది, మనం వెతకం.

ముందు ‘మొలలు’ సంగతి. మొలతాడులో ఉన్న మొల అంటే నడుము. తెలంగాణలో ఇనప మేకును కూడా మొల అంటారు. విత్తనం మొలిచింది అన్నప్పుడూ ఇలాంటి మాటే వింటాం. చర్మం మీద మేకు తలలా, మొలకలా పొడుచుకు వచ్చినదానికి ఈ పేరు ఎంత సరిపోయిందో చూడండి. సంస్కృతంలో దీన్ని అర్శస్సు అన్నారు. ప్రాణుల్ని శత్రువులా పీడించే మాంసపు మేకులు కనుక ఆ పేరు వచ్చిందని అష్టాంగహృదయంలో వాగ్భటుడు వివరించాడు. సుశ్రుతుడి కాలంలో అర్శస్సు అనే మాట ఒక్క ఆసనానికే పరిమితం కాలేదు. ముక్కులో, చెవిలో పెరిగే కండకీ అదే పేరు పెట్టారు.

మన ఇళ్ళలో వాడే కందకు సంస్కృతంలో అర్శోఘ్నం అనే పేరు ఉంది. అంటే మొలల్ని పోగొట్టేది అని. పెళ్ళి భోజనంలో కంద బచ్చలి కూర వేయించుకుంటూ ఈ సంగతి ఎవరం తలుచుకుంటాం! పేరు ఉంది కదా అని కంద ఒక్కటే తింటే జబ్బు పోదు లెండి. పీచు ఉన్న కూర, పలచని మజ్జిగ మంచివన్న మాట మటుకు నిజం. మజ్జిగను చరకుడు ఈ జబ్బుకు ఎంతో మెచ్చుకున్నాడు.

ఇక పెద్దవాళ్ళు వాడే మాట ‘మూలశంక’. మూలం అంటే మొదలు, అడుగు. శంక అంటే అనుమానమే అయినా, లఘుశంక, దీర్ఘశంక అన్నప్పుడు ఒకటికీ రెంటికీ వెళ్ళడాన్ని మర్యాదగా చెప్పే మాట అయింది. మూలవ్యాధి అన్నా ఇదే. తమిళులైతే ఉత్త మూలం అనేస్తారు. మన గుంటూరు వీధుల్లో ఉర్దూ మాట్లాడే అక్కచెల్లెళ్ళు బవాసీర్ అంటారు. అది అరబ్బీ నుంచి వచ్చింది. ఇంగ్లీషు వాళ్ళ పైల్స్ లాటిన్‌లో బంతి అనే మాట నుంచి పుట్టింది. హెమరాయిడ్స్ అనే మాట గ్రీకుది, నెత్తురు కారడం అని అర్థం. ఒకరు ఆకారం చూసి, ఒకరు చోటు చూసి, మరొకరు నెత్తురు చూసి పేరు పెట్టారు. జబ్బు మాత్రం ఒకటే.

అసలు ఏమిటది? మలద్వారం లోపల నెత్తురు నాళాలతో కూడిన మెత్తని దిండ్లు అందరికీ ఉంటాయి. గాలి, నీరు కారిపోకుండా ద్వారం బిగుతుగా మూసుకోవడానికి అవి సాయపడతాయి. థామ్సన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1975లో ఈ విషయాన్ని విడమరచి చెప్పాడు. ముక్కి ముక్కి దొడ్డికి వెళ్తే, లేదా కడుపుతో ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి పెరిగితే, ఆ దిండ్లు ఉబ్బి కిందికి జారతాయి. అవే మొలలు. డాక్టర్లు వీటిని నాలుగు మెట్లుగా చెప్తారు. లోపలే ఉండి నెత్తురు పడితే మొదటిది. ముక్కినప్పుడు బయటికి వచ్చి వాటంతట అవే లోపలికి పోతే రెండోది. చేత్తో నెడితేగాని పోకపోతే మూడోది. నెట్టినా పోకపోతే నాలుగోది. లోపలి మొలలకు సాధారణంగా నొప్పి ఉండదు, ఎర్రని నెత్తురు మాత్రం పడుతుంది.

మరి కోసినట్టు నొప్పి ఉంటే? అది చాలాసార్లు మొల కాదు, ఫిషర్. లాటిన్‌లో చీలిక అని అర్థం. గట్టి మలం వల్ల ద్వారం అంచున చర్మం చిట్లుతుంది. ఆయుర్వేదంలో దీని పేరు పరికర్తిక. కత్తిరించినట్టు ఉండే బాధ అన్నమాట. గర్భిణులకు ఇది వస్తుందని కాశ్యపసంహిత ప్రత్యేకంగా చెప్పింది. ఫిషర్ పాతబడితే దాని పక్కన చిన్న తోలుముక్క పెరుగుతుంది. దాన్ని డాక్టర్లు సెంటినల్ పైల్ అంటారు, అంటే కాపలా మొల. పేరులో మొల ఉంది గాని అది మొల కానే కాదు. చేతికి తగిలింది కదా అని మొలల మందు పూసుకుంటూ కూర్చుంటే లోపలి చీలిక అలాగే ఉండిపోతుంది.

మూడోది ఫిస్టులా. లాటిన్‌లో గొట్టం. మలద్వారం పక్కన గడ్డ లేచి, పగిలి, చీము కారి, మానినట్టే మాని మళ్ళీ లేస్తుంటే లోపల గొట్టంలాంటి దారి పడిందని అర్థం. మన పాత పేరు భగందరం. పగలనంతవరకూ పిడక, అంటే కురుపు. పగిలితే భగందరం అని సుశ్రుతుడు తేడా చెప్పాడు. ఒంటె మెడలా ఉండేది ఒకటి, నత్తగుల్ల మెలికల్లా తిరిగేది ఒకటి అంటూ అయిదు రకాలు వర్ణించాడు. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పట్టించిన దారంతో దీనికి చేసే వైద్యం క్షారసూత్రం. దాన్ని కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ దేశ్‌పాండే మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. భారత వైద్య పరిశోధన మండలి దీన్ని ఆపరేషనుతో పోల్చి 1991లో ఫలితాలు ప్రకటించింది. మానడానికి ఆపరేషనుకు 4 వారాలు పడితే దీనికి 8 వారాలు పట్టింది. తిరగబెట్టడం మాత్రం నూటికి 11 మంది బదులు నలుగురికే జరిగింది. అయితే ఇది నేర్చిన వైద్యుడు చేసే పని. వీధి బోర్డు చూసి వెళ్ళి ఎవరిచేతనో ఏదో కట్టించుకునేది కాదు.

పేర్లలో తేడా తెలిస్తే ఏమిటి లాభం అంటారా? మన మిరపకాయ సంగతే చూడండి. గుంటూరు మిరపకాయ తిని మొలలు తెచ్చుకున్నావని కోడల్ని దెప్పే అత్తగార్లు ఉన్నారు. ఇటలీలో మొలలున్న 50 మందికి ఒకసారి ఎండుమిరప పొడి గొట్టాలు, మరోసారి ఉత్తుత్తి గొట్టాలు ఇచ్చి చూశారు. బాధలో తేడా రాలేదని 2006లో ప్రకటించారు. కాని ఫిషర్ ఉన్నవాళ్ళకు కారం వల్ల మంట, నొప్పి పెరిగాయని నాగపూరు నుంచి 2008లో మరో పరిశీలన వచ్చింది. అంటే చీలిక ఉంటే కొన్నాళ్ళు ఊరగాయ పక్కన పెట్టాలి. మొలలైతే ముందు చూసుకోవలసింది మలబద్ధకాన్ని. గొట్టంలోని చిటికెడు పొడి మన ఆవకాయ ముద్దకు సాటి కాదనుకోండి, ఎవరి ఒంటికి పడనిది వాళ్ళు మానుకోవచ్చు. జబ్బు పేరు తెలియకుండా పథ్యం పెట్టుకుంటే మాత్రం నోరు కట్టుకున్న ఫలితం కూడా దక్కదు.

బాలింతల విషయం కూడా చెప్పాలి. కాన్పు తర్వాత నీళ్ళు ఎక్కువ తాగనివ్వక, ఆకుకూరలు పెట్టక, కారప్పొడి అన్నంతో రోజులు గడిపించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అసలే కడుపుతో ఉన్నప్పుడు ఉబ్బిన నాళాలు, దానిమీద గట్టిపడిన మలం. ఆ పిల్ల దొడ్డికి వెళ్ళాలంటేనే వణికిపోతుంది. భయపడి ఆపుకుంటే మలం ఇంకా గట్టిపడుతుంది. అమ్మమ్మలూ, అత్తమ్మలూ, ఆ పిల్లకు దాహానికి సరిపడా నీళ్ళివ్వండి, పీచు ఉన్న కూర పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివరికి ఉంచాను. పెద్దపేగు చివరి భాగాన్ని ఇంగ్లీషులో రెక్టమ్ అంటారు. లాటిన్‌లో తిన్నగా ఉండేది అని అర్థం. పూర్వపు గ్రీకు వైద్యులు జంతువుల్ని కోసి చూసి పెట్టిన పేరది. మనిషిలో అది వంపులు తిరిగే ఉంటుంది. అక్కడ కూడా కాన్సరు రావచ్చు. దానికీ మొదట కనిపించేది నెత్తురే కావచ్చు. ‘‘మొలలే కదా’’ అని ఏళ్ళ తరబడి సరిపెట్టుకుంటే ఆ మాటే ముంచుతుంది. నెత్తురు పడటం మళ్ళీ మళ్ళీ జరిగినా, దొడ్డికి వెళ్ళే అలవాటు మారి వారాలు గడిచినా, వెళ్ళి వచ్చాక ఇంకా ఉన్నట్టు అనిపించినా, ఒళ్ళు తగ్గినా, మొహం పాలిపోయినా, వయసు ఎంతైనా సరే పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా ఈ కాన్సరు వచ్చి ఉంటే ఆ సంగతీ చెప్పాలి. మలం తారులా నల్లగా వస్తే నెత్తురు పైనెక్కడో పోతున్నదేమో చూడాలి. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా వస్తుంది కనుక వాటి మాటా చెప్పండి.

డాక్టరు దగ్గర ‘‘మొలలు’’ అని పేరు మీరే పెట్టేయకండి. నెత్తురు ఎర్రగా ఉందా, నల్లగా ఉందా, నొప్పి వెళ్ళేటప్పుడా, వెళ్ళాకా, ఏమైనా బయటికి వస్తోందా, తిరిగి లోపలికి పోతోందా, చీము ఉందా, ఎన్నాళ్ళనుంచి. ఈ అయిదు సంగతులు చెప్తే చాలు. నోట రాకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి. లేడీ డాక్టరు కావాలంటే అడగండి, అది మీ హక్కు. పరీక్ష చెయ్యాలంటే వద్దనకండి. పేరు పెట్టే పని చూసినవాళ్ళది, ఉన్నది ఉన్నట్టు చెప్పే పని మనది.