పార్కింగ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపు దానంతట అదే మూసుకోవాలి

నరసరావుపేట నుంచి మాట్లాడుతున్నాను. పోయిన ఎపిసోడ్‌లో డాబా లీకేజీల గురించి చెప్పుకున్నాం. ఈసారి ఒక్క తలుపు గురించే చెప్తాను. రాత్రి పడుకునే ముందు వీధి తలుపుకి గడియ పెట్టామా లేదా అని రెండుసార్లు చూసుకుంటాం కదా. కారు పెట్టే చోటు నుంచి హాల్లోకో వంటింట్లోకో ఒక తలుపు ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం ఎవరం పట్టించుకోం. నేను ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు కట్టిస్తున్నాను. నేనూ పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకోవాల్సి వచ్చిందో ముందు అది చెప్తాను.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా దగ్గర కూడా వానలు, కరెంటు లేదు. మా బావమరిది వాళ్ళ షాపులో ఉన్న చిన్న పెట్రోల్ జనరేటర్ తెచ్చి మా పార్కింగ్‌లో పెట్టాడు. జల్లు కొడుతోందని షట్టర్ మోకాలి ఎత్తు వరకు దించేశాం. జనరేటర్ నుంచి ఫ్యాన్లకీ ఫ్రిజ్‌కీ వైరు లాగాలి కదా, ఆ వైరు ఈ తలుపులోంచే లాగాం. వైరు నలిగిపోతుందని తలుపు మూయకుండా ఒక ఇటుక అడ్డం పెట్టింది నేనే.

తెల్లవారుజామున మా ఆవిడ లేపింది. "ఏమండీ, అత్తయ్యకి తల పగిలిపోతోందంట, వాంతి చేసుకుంది, లేచి నిలబడలేకపోతోంది" అంది. అమ్మది హాలు పక్క గది, అంటే ఆ తలుపుకి అందరికంటే దగ్గర. మేము గ్యాస్ అనుకున్నాం, బీపీ అనుకున్నాం. ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరుగారు కాసేపు విని ఒకటే అడిగారు: "జనరేటర్ ఎక్కడ పెట్టారు?" నాకు కాళ్ళు వణికాయి. ఆక్సిజన్ పెట్టారు, అమ్మ కోలుకుంది. ఇంకో రెండు గంటలు నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను.

అసలు ఆ తలుపులోంచి ఏం వస్తాయో చూద్దాం. మూడు వస్తాయండి.

మొదటిది కార్బన్ మోనాక్సైడ్. ఇంజన్ నడిచే ప్రతిచోటా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని మోస్తుంది కదా, ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. మనిషికి తలనొప్పి, తల తిరగడం, వాంతులు, తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవాళ్ళకి అది కూడా తెలియదు.

రెండోది పెట్రోల్ ఆవిరి. ఇది గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద నీళ్ళలా పాకుతుంది. పల్నాడులో పార్కింగ్ అంటే కారు ఒక్కటే కాదు. స్ప్రే పంపు, దానికి పెట్రోల్ డబ్బా, డీజిల్ క్యాను, పురుగుమందు డబ్బాలు, పత్తి టిక్కీలు, మిర్చి బస్తాలు అన్నీ అక్కడే. ఆ ఆవిరి తలుపు కింద సందులోంచి వచ్చి పూజగదిలో దీపాన్నో వంటింట్లో స్టవ్‌నో అందుకుంటే చాలు.

మూడోది మంట, పొగ. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ పడకగదిలో చార్జింగ్ పెట్టి పడుకుంటే రాత్రి పేలి ఒకాయన చనిపోయారు. ఆ తర్వాత అందరం పడకగదిలో వద్దు అనుకుని పార్కింగ్‌లో పెట్టడం మొదలుపెట్టాం. మంచిదే. కానీ 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఏం జరిగింది? కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంటలు, పైన లాడ్జి. పొగ మెట్ల మీదుగా పైకి ఎక్కి ఎనిమిది మంది పోయారు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. కనీసం తొమ్మిది మంది పోయారు. అవి పెద్ద భవనాలు, మనవి చిన్న ఇళ్ళు, కానీ అమరిక ఒకటే: కింద తగలబడేవి, పైన పడుకునే మనుషులు, మధ్యలో తెరిచి ఉన్న దారి.

అందుకే ఈ తలుపు మామూలు తలుపు కాదు, గోడలో భాగం. మూసి ఉంటేనే గోడ. మనుషులం మూస్తాం అనుకుంటే మూయం. చేతిలో సంచులు ఉంటాయి, ఫోన్ మోగుతుంది, మంటొస్తే పరిగెడతాం, వెనక్కి తిరిగి తలుపు ఎవరు వేస్తారు? కాబట్టి అదే మూసుకోవాలి.

అమెరికాలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు గరాజ్ తలుపు నా వీపుకి తగిలింది. "ఇదేంట్రా, పాడైందా?" అంటే, "కాదు నాన్నా, ఇక్కడ అలాగే ఉండాలి" అన్నాడు. తర్వాత చదివాను. అక్కడి ఇళ్ళ నిర్మాణ కోడ్ ప్రకారం ఆ తలుపు కనీసం 35 మిల్లీమీటర్ల మందం గట్టి చెక్కదో, తేనెపట్టు లాంటి గుజ్జున్న స్టీలుదో, 20 నిమిషాలు మంటకు ఆగేదో అయ్యుండాలి. దానంతట అది మూసుకోవాలి. గరాజ్ నుంచి నేరుగా పడకగదిలోకి ద్వారమే పెట్టకూడదు. ఇంగ్లాండ్‌లో 30 నిమిషాలు ఆగే తలుపు అడుగుతారు. గరాజ్ నేల కంటే ద్వారం 100 మిల్లీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు ఎత్తులో ఉండటమో, నేల బయటికి వాలు ఉండటమో కావాలంటారు. బరువైన ఆవిరి, కారిన పెట్రోల్ లోపలికి రాకుండా.

ఈ నాలుగు అంగుళాలు చూశారా, మన గడప అదే కదా! పెద్దవాళ్ళు పెట్రోల్ కోసం పెట్టలేదనుకోండి. కానీ ఇప్పుడు వీధి గుమ్మానికి పసుపు రాయడానికి గడప ఉంచి, మిగతా ద్వారాలకి తీసేస్తున్నాం. పార్కింగ్ తలుపుకి మాత్రం గడప పెట్టించండి. లేదా పార్కింగ్ నేల ఒక మెట్టు దించి బయటికి వాలు ఇప్పించండి. ఇల్లు కట్టేసి ఉంటే తలుపు అడుగున రబ్బరు పట్టీ, మూడు పక్కలా ఫ్రేముకి రబ్బరు బీడింగ్ కొట్టించండి.

ఇక తలుపు రెక్క. పీవీసీ తలుపు వద్దు, వేడికి మెత్తబడి ఊడిపోతుంది. లోపల బోలుగా ఉండే చవక ఫ్లష్ డోర్ వద్దు. 35 మిల్లీమీటర్ల సాలిడ్ ఫ్లష్ డోర్ గానీ, టేకు గానీ, స్టీలు గానీ పెట్టుకోండి. అద్దం వద్దు, జాలీ వద్దు, వైరు కోసం రంధ్రం అసలు వద్దు.

మూసుకునే ఏర్పాటు రెండు రకాలు. ఒకటి స్ప్రింగ్ మడతబందులు. చవక, కనిపించవు, కానీ బరువు తలుపుకి చాలవు, ధడేల్‌మని కొడతాయి. రెండోది హైడ్రాలిక్ డోర్ క్లోజర్, బ్యాంకుల్లో తలుపు పైన చూస్తాం కదా. మామూలు ఇంటికి రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. కొనేటప్పుడు తలుపు వెడల్పు, బరువు చెప్పి కొనండి. తెరిచినప్పుడు అలాగే ఆగిపోయే రకం ఇస్తానంటారు, అది తీసుకోకండి. మనకి కావలసింది ఆగనిది.

ఇదిగో, ఇది మా ఇంటి తలుపు. క్లోజర్ పక్కన రెండు చిన్న స్క్రూలు కనిపిస్తున్నాయా? ఒకటి మొత్తం వేగానికి, రెండోది ఆఖర్న గడియ పడే దగ్గర వేగానికి. పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పకండి. పూర్తిగా విప్పితే నూనె కారిపోతుంది, ఇక పనికిరాదు. ఇప్పుడు 90 డిగ్రీలు తెరిచి వదిలేస్తున్నాను, చూడండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు... టక్. ఆ టక్ వినపడాలి. ఇప్పుడు సగం తెరిచి వదులుతున్నా. టక్. ఇప్పుడు జానెడు తెరిచి. టక్. మూడోదాంట్లోనే చాలా తలుపులు ఫెయిల్ అవుతాయి. ఇంకొకటి, ఎండకి నూనె పలచబడి తలుపు వేగం పెరుగుతుంది. రెంటచింతల ఎండలు మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి సరిచూసుకోండి.

మన దగ్గర పెద్ద తప్పు ఇక్కడే జరుగుతుంది. క్లోజర్ పెడతారు, తలుపుకి మాత్రం టవర్ బోల్టు, అల్‌డ్రాప్ ఉంటాయి. అవి చేత్తో వేస్తేనే పడతాయి. తలుపు దగ్గరికి వచ్చి ఆగుతుంది, గాలికి మళ్ళీ తెరుచుకుంటుంది. స్ప్రింగ్ నాలుక ఉండే హ్యాండిల్ లాక్ పెట్టించండి. అది కూడా రెండు వైపులా హ్యాండిల్‌తో తెరుచుకునేది. వేలేస్తే లాక్ పడిపోయే రకం పెడితే, తాళంచెవి లోపల వదిలి బయట ఇరుక్కుంటారు, మర్నాడే విసుగొచ్చి ఇటుక పెడతారు.

నన్ను ఎక్కువగా అడిగేవి రెండు. "పిల్లల వేళ్ళు నలగవా?" అని. ఆఖరి వేగం తగ్గిస్తే నెమ్మదిగా పడుతుంది. స్ప్రింగ్ బందుల కంటే క్లోజరే నయం. మడతబందుల వైపు సందుకి వేళ్ళు పోకుండా కవరు దొరుకుతుంది, అది కూడా వేయించండి. "మూసేస్తే గాలి ఎలా?" అని రెండోది. గాలి కావాలంటే బయటి గోడకి కిటికీ పెట్టుకోండి. పార్కింగ్‌కి బయటి గోడలో కింద ఒకటి, పైన ఒకటి వెంటిలేటర్లు పెట్టండి. పార్కింగ్ గాలిని ఇంట్లోకి తెచ్చుకోవడం గాలి తెచ్చుకోవడం కాదండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తలుపు బాగుంది కదా అని పార్కింగ్‌లో జనరేటర్ నడపకండి, షట్టర్ వేసి కారు ఆన్‌లో ఉంచకండి. ఎంత మంచి తలుపుకైనా సందులుంటాయి, ఆ వాయువుకి అవి చాలు. జనరేటర్ ఇంటికి దూరంగా, ఆరుబయటే ఉండాలి. ఎలక్ట్రిక్ బండి ఈ తలుపు పక్కన, మెట్ల కింద చార్జింగ్ పెట్టకండి. ఈ తలుపు మనకి ఇచ్చేది కొన్ని నిమిషాల టైము. ఆ నిమిషాల్లో వేరే దారిలో బయటపడాలి, కాబట్టి వీధి తలుపు తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

ఈ రాత్రి ఒక పని చేయండి. మీ పార్కింగ్ తలుపు జానెడు తెరిచి వదిలేయండి. టక్‌మందా లేదా చూడండి. తలుపు కింద ఇటుక గానీ పాత చెప్పు గానీ ఉంటే ముందు అది తీసి బయట పడేయండి. మా ఇంట్లో ఆ ఇటుక తీసింది మా అమ్మే. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, ఎవరికీ చెప్పకుండా తీసి తులసికోట పక్కన పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇన్వర్టర్ బ్యాటరీ ఇంట్లో ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుందాం.