చిన్న వ్యాపారము – చిట్టా లెక్క



పంట పండించుటలో మన నర్సింహులపేట రైతులు నేర్పరులు. కొట్టు పెట్టినవారిలో నిలుచువారు మాత్రము కొలదిమందియే. లెక్క లేకుండుటయే దీనికి ముఖ్యకారణము.

ఒకఁడు 100 రూపాయల మిర్చిని కొని 110 రూపాయలకు అమ్మెననుకొనుఁడు. పది రూపాయలు లాభమని మురియును. కాని బండి బాడుగ 4, గోనెసంచి 2, ఎండి తఱిగిన తూకము 3 తీసివేయఁగా మిగులునది ఒక్క రూపాయి! ఒక్క అరువు మునిగినచో, దానిని పూడ్చుటకు నూటికిపైగా బేరములు చేయవలెను.

కావున ఇంటి సొమ్మును కొట్టు సొమ్ముతో కలుపకుఁడు. నాటి లెక్క నాఁడే వ్రాయుఁడు. తూకము తప్పకుఁడు. పనివాని కూలి ప్రొద్దు గ్రుంకకమునుపే ఇండు. నమ్మకముగల పనివాఁడే కొట్టునకు కావలి.

1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేలులో 28 మంది కూడి, అరువు లేక, కల్తీ లేక చిన్న కొట్టు తెఱచిరి. సహకారోద్యమమునకు అదియే త్రోవ చూపినది. 1956లో వెలసిన మన ముల్కనూరు సంఘము అప్పిచ్చి యూరకుండక, సభ్యుల పంటను తానే కొని అమ్మినది.

ఐదుగురు కూడి ఒకే బండి కట్టుటచే బాడుగ 4 నుండి 2 అయినచో, పై లెక్కలో లాభము 1 నుండి 3 అగును. కూడిక బలము ఇదియే.

నేఁడే చిట్టా మొదలిడి, రాబోవు సంఘ సమావేశమునకు తెండు, కలిసి చూచెదము.

— వ్యవసాయ ప్రదర్శకుఁడు